పాపంలో పడ్డాను, నా రక్షణ పోయినట్టేనా?

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నాకు 34 ఏళ్లు. 19 ఏళ్లప్పుడు మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకున్నాను. మా సంఘంలో సండే స్కూల్ పిల్లలకు చెప్తాను, క్వయర్‌లో పాడతాను. రెండేళ్ల క్రితం ఫోన్‌లో క్రికెట్ బెట్టింగ్ మొదలుపెట్టాను. జీతం పోయింది. లోన్ యాప్‌లలో అప్పు చేశాను. చివరికి నా భార్య గొలుసు, గాజులు ఆమెకు తెలియకుండా తాకట్టు పెట్టాను. అవి లాకర్‌లోనే ఉన్నాయని ఆమె అనుకుంటోంది. మానేస్తానని ప్రభువుకు ఎన్నోసార్లు మాట ఇచ్చి తప్పాను. ఐదు నెలలుగా ప్రభువు బల్లలో పాలుపొందడం లేదు. ఆ టైంకి లేచి బయటికి వచ్చి, చెప్పులు విడిచే చోట నిలబడతాను. తెలిసిన పాస్టర్ గారు ఒకరు, "నీ రక్షణ పోయింది, మళ్ళీ బాప్తిస్మం తీసుకో" అన్నారు. ఫ్రెండ్ ఏమో, "ఒకసారి రక్షణ వస్తే ఎప్పటికీ పోదు, టెన్షన్ పడకు" అన్నాడు. హెబ్రీయులకు 6వ అధ్యాయం చదివినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. నేను ఇంకా దేవుని బిడ్డనేనా?
(పేరు వద్దు, పల్నాడు జిల్లా)

సమాధానం:

తమ్ముడూ, వందనాలు.

ముందు సూటిగా చెప్తాను, వివరం తర్వాత. అవును, మీరు ఇంకా దేవుని బిడ్డే అని నేను నమ్ముతున్నాను. మీరు చేసింది పాపం, దానికి ఇంకో పేరు పెట్టను. కానీ పాపంలో పడిన విశ్వాసిని ప్రభువు పడిన చోటే వదిలేసి వెళ్లిపోతాడని బైబిల్లో నాకు ఎక్కడా కనపడలేదు. పాస్టర్ గారు మీ పాపాన్ని తేలిగ్గా తీసుకోలేదు, అది మంచిదే. మీ ఫ్రెండ్ దేవుని నమ్మకత్వాన్ని గుర్తు చేశాడు, అదీ మంచిదే. అయితే ఒకాయన మీకు తలుపు మూసేశారు. ఇంకొకాయన తలుపు తెరిచే ఉంది కాబట్టి లోపలికి రావాల్సిన పనే లేదన్నట్టు మాట్లాడాడు.

మీ నిద్ర పోగొట్టిన హెబ్రీ 6వ అధ్యాయం ముందు చూద్దాం. ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచి చూసి, ఆ తర్వాత తప్పిపోయినవాళ్లను మళ్ళీ మారుమనస్సు పొందేలా చేయడం అసాధ్యమని 4 నుంచి 6 వచనాలు చెప్తాయి. ఆ మాటల బరువు తగ్గించే ప్రయత్నం నేను చేయను. కానీ అవి ఎవరితో అన్న మాటలో చూడాలి. విశ్వాసం కోసం ఆస్తులు పోగొట్టుకుని, నిందలు పడి, అలిసిపోయి, ఇక క్రీస్తును వదిలేసి యూదుల పాత బలుల దారికి పోదామా అని ఊగిసలాడుతున్నవాళ్లకు రాసిన పత్రిక అది. తప్పిపోవడం అంటే ఏమిటో 10వ అధ్యాయం 29వ వచనంలో ఇంకా స్పష్టంగా ఉంది. దేవుని కుమారుణ్ణి కాళ్లతో తొక్కడం, ఆయన రక్తాన్ని అపవిత్రమని ఎంచడం, కృపగల ఆత్మను తిరస్కరించడం. యేసు నాకు అక్కర్లేదని అన్నీ తెలిసి తెగతెంపులు చేసుకుని వెళ్లిపోవడం అన్నమాట.

మీరు చేస్తున్నది అదేనా? ఆయన అక్కర్లేదనుకున్నవాడు ఆదివారం మందిరానికి రాడు. వచ్చినా, బల్ల టైంకి చెప్పుల దగ్గర నిలబడి లోపలి పాట వింటూ కుమిలిపోడు. క్రీస్తును వదిలేసినవాడికి హెబ్రీ 6 చదివితే నిద్ర పట్టకపోవడం ఉండదు. మీ భయం మీకు శిక్షలా అనిపిస్తోంది. నాకు మాత్రం అందులో పరిశుద్ధాత్మ ఇంకా మిమ్మల్ని పట్టుకుని లాగడం కనిపిస్తోంది.

ఆ అధ్యాయాన్ని 6వ వచనం దగ్గర ఆపేయకండి. అంత గట్టిగా హెచ్చరించిన ఆయనే 9వ వచనానికి వచ్చేసరికి "ప్రియులారా" అని పిలిచి, మీ స్థితి ఇంతకంటే మంచిదని, రక్షణకరమైనదని మాకు నమ్మకం ఉందంటాడు. హెచ్చరికలు బిడ్డలు కానివాళ్లను వెళ్లగొట్టడానికి రాసినవి కావు, బిడ్డలు అంచు దాటకుండా ఆపడానికి రాసినవి. అదే పత్రిక 3వ అధ్యాయంలో, పాపం చేసే మోసం వల్ల మనసు కఠినమవుతుందని కూడా ఉంది. ఇది మీకు బాగా వర్తిస్తుంది. మీరింకా కఠినం కాలేదు. కానీ అబద్ధం మీద అబద్ధం చెప్తూ ఇంకో రెండేళ్లు గడిస్తే ఇప్పుడున్న ఈ బాధ కూడా ఉండకపోవచ్చు. నేను భయపడేది దానికే.

ఈ ప్రశ్న సంఘానికి కొత్తది కాదు. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి డేసియస్, సామ్రాజ్యంలో ఉన్నవాళ్లంతా దేవతలకు బలి అర్పించి, అర్పించినట్టు అధికారుల దగ్గర పత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ పత్రాలు కొన్ని ఈజిప్టులో దొరికాయి కూడా. చాలామంది విశ్వాసులు ప్రాణభయంతో బలి అర్పించారు. కొందరు లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు. హింస కాస్త తగ్గగానే వాళ్లే ఏడ్చుకుంటూ సంఘం దగ్గరకు తిరిగి వచ్చారు. నలుగురి ముందు క్రీస్తును కాదన్నవాళ్లు వాళ్లు. వాళ్లను చేర్చుకోవాలా వద్దా?

రోమ్‌లో నొవేషియన్ అనే పెద్ద, చేర్చుకోకూడదని తేల్చేశాడు. సంఘం పవిత్రంగా ఉండాలన్నది ఆయన వాదం. కార్తేజ్ బిషప్ సిప్రియన్, రోమ్ బిషప్ కొర్నేలియస్ దానికి ఒప్పుకోలేదు. 251లో కార్తేజ్‌లో బిషప్‌లంతా కూడి, ఎవరు ఎలా పడ్డారో విడివిడిగా విచారించి, పశ్చాత్తాపానికి కాలం పెట్టి, ఆ తర్వాత చేర్చుకోవాలని తీర్మానించారు. వచ్చినవాళ్లను ఏమీ జరగనట్టు ఆ ఆదివారమే బల్ల దగ్గర కూర్చోబెట్టలేదు, గుమ్మం నుంచి తరిమేయనూ లేదు. 325లో నీకయ సభ ఇంకో అడుగు ముందుకు వేసింది. నొవేషియన్ వర్గం నుంచి సంఘంలోకి రావాలనుకునేవాళ్లు, హింసలో పడి లేచినవాళ్లతో కలిసి పాలుపొందుతామని ముందు రాసివ్వాలని 8వ నియమంగా పెట్టింది. పడినవాణ్ణి దూరం పెట్టేవాడే మనసు మార్చుకుని రావాలని ఆ సభ చెప్పింది. తమ్ముడూ, ఈ తీర్పు మీ వైపే ఉంది.

మరి ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో మాట ఎందుకు చెప్తున్నారు? మన తెలుగు నేల మీదికి సువార్త ఒక్క దారిలో రాలేదు. 1842లో గుంటూరుకు హేయర్ అయ్యగారు లూథరన్ బోధ తెచ్చారు. ఒంగోలు వైపు క్లౌ దొరగారి బాప్టిస్టు మిషన్ పని చేసింది. 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చింది ఆ మిషనే. గోదావరి డెల్టాలో బ్రదరన్ సహోదరులు, ఇంకా కతోలికులు, మెథడిస్టులు, తర్వాత పెంతెకొస్తు వాళ్లు. ఒక్కో సంఘం తన పెద్దలు నేర్పిన జవాబే మీకు చెప్తుంది. నిజంగా తిరిగి జన్మించినవాణ్ణి దేవుడు చివరిదాకా కాపాడతాడని బాప్టిస్టులు, బ్రదరన్ వాళ్లు సాధారణంగా నేర్పుతారు. విశ్వాసాన్ని పోగొట్టుకోవడం సాధ్యమేనని లూథరన్లు అంటారు. కానీ బాప్తిస్మం తర్వాత పడినవాళ్లు ఎప్పుడు మనసు తిప్పుకుంటే అప్పుడే క్షమాపణ దొరుకుతుందని వాళ్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ఒప్పుకోలులోనే ఉంది. ఘోరపాపం వల్ల కృప పోతుందని, పాపసంకీర్తనం ద్వారా, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం ద్వారా తిరిగి వస్తుందని కతోలిక సంఘం చెప్తుంది. మెథడిస్టుల్లో, పెంతెకొస్తు వాళ్లలో చాలామంది రక్షణ పోగొట్టుకునే ప్రమాదం ఉందని హెచ్చరిస్తారు.

వీళ్ల మధ్య తేడా చిన్నదని నేననను. నా మట్టుకు నేను యోహాను 10:28 దగ్గర నిలబడతాను. తన గొర్రెలను గురించి, "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అని ప్రభువే అన్నాడు. నా రక్షణ నేను ఆయన్ని పట్టుకున్న పట్టు మీద ఆధారపడి ఉంటే ఎప్పుడో జారిపోయేది. అయినా మీకు ఈ రాత్రి కావలసిన సంగతి ఒకటుంది, దానిలో వీళ్లందరిదీ ఒకే మాట. తిరిగి వచ్చేవాణ్ణి దేవుడు చేర్చుకుంటాడు. ఈ మాట కాదనే సంఘం వాళ్లలో ఒక్కటీ లేదు.

ఇక మీ ఫ్రెండ్ మాట. రక్షణ పోదని అందరికంటే గట్టిగా రాసిపెట్టినవాళ్లు 1618–19లో నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో కూడిన సభవాళ్లు. వాళ్లు కూడా "టెన్షన్ పడకు" అనలేదు. దావీదును, పేతురును పేరుపెట్టి చెప్పి, విశ్వాసులు ఘోరంగా పడవచ్చని, అప్పుడు పరిశుద్ధాత్మను దుఃఖపెడతారని, మనస్సాక్షిని గాయపరుచుకుంటారని, కొంతకాలం కృప తాలూకు అనుభూతినే పోగొట్టుకోవచ్చని రాశారు. నిజమైన పశ్చాత్తాపంతో దారిలోకి వచ్చేదాకా ఆ స్థితి ఉంటుందన్నారు. అంటే కాపాడే దేవుడు పశ్చాత్తాపం ద్వారానే కాపాడతాడు. "కృప విస్తరింపవలెనని పాపమందు నిలిచియుందుమా?" అని పౌలు అడిగి, వెంటనే "అట్లనరాదు" అన్నాడు. పడటం వేరు, అక్కడే కాపురం పెట్టడం వేరు. మీ ఫ్రెండ్ ఇచ్చిన ఓదార్పులో మీ భార్య గాజుల ఊసు ఎక్కడా లేదు, గమనించారా? మీ ఇంట్లో ఆవిడకు జరిగిన అన్యాయాన్ని పక్కన పెట్టి మీకు ధైర్యం చెప్పే బోధ ఏదైనా సరే, దాన్ని నమ్మకండి.

ఒకే రాత్రి ఇద్దరు శిష్యులు పడ్డారు. యూదా అప్పగించాడు, పేతురు మూడుసార్లు ఎరుగనన్నాడు. యూదా కూడా బాధపడ్డాడన్న సంగతి మనం మరిచిపోతాం. ముప్పై వెండి నాణేలు వెనక్కి తీసుకెళ్లాడు, పాపం చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. కానీ ఎవరి దగ్గర? ప్రధాన యాజకుల దగ్గర. వాళ్లు "దానితో మాకేమి?" అన్నారు. కనికరం లేని చోటికి వెళ్లి ఒప్పుకుని, అక్కడి నుంచి ఒంటరిగా వెళ్లి చనిపోయాడు. పేతురు ఏడ్చాడు, సిగ్గుపడ్డాడు, అయినా మిగతా శిష్యుల మధ్యే ఉన్నాడు. ఆదివారం ఉదయం సమాధి ఖాళీ అని తెలిసినప్పుడు పరుగెత్తాడు. తర్వాత సముద్రం ఒడ్డున యేసు కనిపిస్తే, పడవ ఒడ్డుకు చేరేదాకా కూడా ఆగలేక నీళ్లలోకి దూకాడు. అక్కడ ప్రభువు నిప్పుల మీద చేపలు కాల్చి, ముందు అన్నం పెట్టాడు, తర్వాతే అడగాల్సింది అడిగాడు. మూడుసార్లు కాదన్నవాణ్ణి మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా?" అని అడగడం పేతురుకు నొప్పి కలిగించింది, ఆ మాట యోహాను రాశాడు. నొప్పి లేకుండా బాగుచేయలేదు, అలాగని ఆ నొప్పితోనే వదిలేయలేదు. "నా గొఱ్ఱెలను మేపుము" అన్నాడు.

ఇంకోటి. పేతురు పడకముందే, "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని" అని ప్రభువు చెప్పి ఉంచాడు. పేతురు ధైర్యం ఆ రాత్రి తప్పిపోయింది. ప్రభువు ప్రార్థన తప్పిపోలేదు. మీరు ఆ యాప్ మొదటిసారి తెరిచిన రోజు కూడా మీ కోసం వేడుకునేవాడు ఉన్నాడు. విశ్వాసి పాపం చేస్తే తండ్రి దగ్గర ఉత్తరవాది, అంటే మన తరఫున మాట్లాడేవాడు ఉన్నాడని 1 యోహాను 2:1లో ఉన్నది అందుకే. ఆ మాట అవిశ్వాసులకు రాసింది కాదు. "నా చిన్నపిల్లలారా" అని పిలిచి రాసింది.

అందుకని మళ్ళీ బాప్తిస్మం అవసరం లేదు. పేతురుకు ఎవరూ రెండోసారి ఇవ్వలేదు. అది మీకు ఒక రోజు ఊరటనిస్తుంది, గాజుల సంగతి అలాగే ఉంటుంది. మళ్ళీ ఆడితే మూడో బాప్తిస్మం తీసుకుంటారా? మీకు కావలసింది ఒప్పుకోలు. "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." ఈ వచనం మీకు కంఠతా వచ్చే ఉంటుంది, పిల్లలకు నేర్పి కూడా ఉంటారు.

దావీదు రాజు, పరాయివాడి భార్య బత్షెబతో చేసిన పాపం గురించి నెలల తరబడి నోరు మెదపలేదు. నేను మౌనంగా ఉన్నప్పుడు నా ఎముకలు క్షీణించాయని 32వ కీర్తనలో ఉంది. మీ నిద్రలేని రాత్రులు అలాంటివే. నాతాను ప్రవక్త వచ్చి నిలదీస్తే ఒక్క వాక్యంలో ఒప్పుకున్నాడు, అప్పటికప్పుడే క్షమాపణ మాట విన్నాడు. కానీ ఆ పాపం వల్ల ఇంట్లో జరిగిన నష్టం అతన్ని చాలా ఏళ్లు వెంటాడింది. మీకూ అంతే. దేవుడు క్షమించడంతో అప్పు మాఫీ కాదు.

ఇప్పుడు పని మాట్లాడుకుందాం. బలిపీఠం దగ్గర ఉండగా సహోదరునికి మీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే పెట్టి ముందు వెళ్లి సమాధానపడమని ప్రభువు అన్నాడు కదా. మీ విషయంలో ఆ మనిషి మీ ఇంట్లోనే ఉంది. ఈ వారంలోనే చెప్పండి. పిల్లలు ఇంట్లో లేని టైం చూసుకోండి, రాత్రి పొద్దుపోయాక మొదలుపెట్టకండి. ముందుగా ఒక కాగితం మీద మొత్తం రాసుకోండి. ఏ యాప్‌లో ఎంత అప్పు, ఎవరి దగ్గర చేబదులు ఎంత, బంగారం ఎక్కడ ఉంది, ఎంత బరువు, ఎంతకు పెట్టారు, వడ్డీ ఎంతైంది, గడువు ఎప్పుడు. తాకట్టు రసీదు ఆమె చేతికే ఇవ్వండి. సగం చెప్పి, మిగతాది ఇంకోసారి చెబుదామనుకోకండి. వారం తర్వాత ఇంకో అప్పు బయటపడితే, మొదట ఒప్పుకున్నది కూడా ఆమె నమ్మదు.

డబ్బు చేతిలో ఉంటే మీరు ఆగలేరని ఇన్నిసార్లు మాట తప్పడంతోనే తేలింది. జీతం ఖాతా, ఫోన్‌లో పేమెంట్లు కొంతకాలం ఆమె చూసుకునేలా చేయండి. జూదం వ్యసనంగా మారడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లండి, ప్రార్థన మానకుండానే వెళ్లండి. మీ ఉత్తరంలో లేదు గానీ నేనే అడుగుతున్నాను, చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వస్తే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. లోన్ యాప్ వాళ్లు ఫొటోలు పెడతామని, బంధువులకు ఫోన్ చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి. ఆ బెదిరింపులకు భయపడి ఇంకో యాప్‌లో అప్పు చేయొద్దు.

సండే స్కూల్ కొంతకాలం ఆపండి. పెద్దల్లో నోరు జారని ఒకరికి విషయం చెప్పి, ఆయన ఎప్పుడు చెప్తే అప్పుడు తిరిగి మొదలుపెట్టండి. పిల్లల ముందు నిలబడటానికి తొందరేమీ లేదు. బల్ల సంగతి మాత్రం వేరు. తన్ను తాను పరీక్షించుకుని, అలా చేసి ఆ రొట్టెను తినమని పౌలు కొరింథీయులకు రాశాడు. పరీక్షించుకుని బయటికి వెళ్లిపొమ్మని రాయలేదు. మీ భార్యకు నిజం చెప్పాక, మీ కాపరితో ఒక్క మాట మాట్లాడి, వచ్చే బల్లకు లోపలే కూర్చోండి. యోగ్యత వచ్చిందనిపించేదాకా ఆగితే ఎప్పటికీ రాలేరు. ఆ రొట్టె, ద్రాక్షారసం పాపులకే ఇచ్చాడు ప్రభువు.

చివరిగా మీ భార్య గురించి. ఆమె ఏడవచ్చు, అరవచ్చు, పుట్టింటికి వెళ్లవచ్చు, చాలా రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ గొలుసు, గాజులు ఆమె పుట్టింటివాళ్లు ఎంత కష్టపడి పెట్టినవో మీకంటే ఆమెకే బాగా తెలుసు. "దేవుడే నన్ను క్షమించాడు, నువ్వెందుకు క్షమించవు" అన్న మాట పొరపాటున కూడా అనకండి. ఏడు డెబ్బది మారులు క్షమించాలన్న వచనం ఆమెకు చదివి వినిపించకండి, మీ తరఫున ఇంకొకరితోనూ చెప్పించకండి. ఆ వచనం ఆమె తనంతట తాను చదువుకోవాల్సింది. పెంతెకొస్తు రోజున పేతురు లేచి మాట్లాడినప్పుడు పదకొండు మంది అతనితో నిలబడ్డారు, కానీ అతన్ని మళ్ళీ నమ్మడానికి వాళ్లకు ఎన్ని రోజులు పట్టిందో బైబిల్లో రాసి లేదు. ఆమెకు కావలసినంత టైం ఇవ్వండి. ఆమె అడిగిన ప్రతిసారీ లెక్క చూపించండి. నెలనెలా వడ్డీ కట్టి, వీలైనంత త్వరగా బంగారం విడిపించి, తెచ్చి ఆమె చేతిలో పెట్టండి.